మూడో హాలు గోడ

ఆ గ్యాలరీలో లిఫ్టు పనిచెయ్యదు. దాని తలుపు మీద ఎవరో "గమనిక: ఇది ప్రదర్శనలో భాగం కాదు" అని కాగితం అంటించారు. డిటెక్టివ్ ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, మెట్ల వంక చూసి, తన కుడి మోకాలి వంక చూసుకుని నిట్టూర్చాడు. కళకీ మరమ్మతుకీ తేడా కాగితం అంటిస్తే తప్ప తెలియని చోటికి వచ్చానన్నమాట, అనుకున్నాడు.

"ఎక్కగలరా సార్?" అంది వెనకనుంచి నర్సు.

"ఎక్కడానికేం, ఎక్కుతుంది. దిగేటప్పుడే తిడుతుంది" అన్నాడు మోకాలిని తడిమి. పెళ్ళాల తరఫున మొగుళ్ళ వెనకా, మొగుళ్ళ తరఫున పెళ్ళాల వెనకా ఏళ్ళ తరబడి తిరిగి అరిగిపోయిన మోకాలు అది. ఈ మధ్య దానికి పనీ నచ్చడం లేదు, యజమానీ నచ్చడం లేదు.

నర్సు తప్పిపోయిన పిల్లకి అక్క. నిన్న పొద్దున డ్యూటీకని వేసుకున్న తెల్ల యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉంది. తల్లీ తండ్రీ పోయాక చెల్లెల్ని తనే పెంచింది. ఆ చెల్లెలు డిజైన్ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. నిన్న మధ్యాహ్నం క్లాసంతా ఈ ఆధునిక కళా ప్రదర్శన చూడ్డానికి వచ్చారు. అందరూ వెళ్ళిపోయినా ఈ పిల్ల ఉండిపోయింది. చీకటి పడ్డా ఇంటికి చేరలేదు. ఇవాళ పొద్దున్నే దూరం వెళ్ళే బస్సొకదానిలో, సీటు కింద ఆ పిల్ల ఫోను దొరికింది. దాంతో పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఎవడితోనో వెళ్ళిపోయింది, నాలుగు రోజులాగితే తనే వస్తుంది, అన్నారు.

"రాత్రంతా తలుపు దగ్గరే కూర్చున్నాను సార్" అంది నర్సు మెట్లెక్కుతూ. "మేమిద్దరం తలుపు ఒక పద్ధతిలో కొట్టుకుంటాం. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. ఆ చప్పుడు కాకపోతే ఎవరొచ్చినా తియ్యొద్దని దానికి చిన్నప్పుడే నేర్పాను. నాకు నైట్ డ్యూటీలు ఉండేవి కదా. నిన్న గాలికి గడియ కదిలినా అదే వచ్చిందనుకున్నాను."

డిటెక్టివ్ మరో మెట్టు ఎక్కాడు. ఇలాంటి అక్కలకీ తల్లులకీ చెప్పాల్సిన మాటలు అతని దగ్గర ఎప్పుడో అయిపోయాయి. ఉన్నవన్నీ అరిగిపోయిన మాటలే, వాటిని మళ్ళీ వాడాలంటే అతనికే సిగ్గేసింది.

"చివరిసారి ఎప్పుడు మాట్లాడింది?"

"సాయంత్రం, గ్యాలరీ మూసే ముందు. ఇక్కడ రెండో హాల్లో ఒక పాత బొమ్మ ఉందట. వందేళ్ళ నాటిదని రాసిపెట్టారు, దగ్గరికెళ్తే కొత్త రంగు వాసన వస్తోందక్కా అంది. నీకెందుకే, బయల్దేరు అన్నాను. తెలిసినవాళ్ళని ఎవరినైనా అడిగి వచ్చేస్తానంది. అంతే." ఆమె ఒక మెట్టు మీద ఆగింది. "పోలీసులకి ఇదంతా చెప్పాను సార్. రాసుకోలేదు."

పై అంతస్తులో గుమ్మం పక్కనే సామాను కౌంటరు. లోపలికి వెళ్ళేవాళ్ళు సంచులు అక్కడ ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. కౌంటరు వెనక గార్డు ఒక పాత కుర్చీలో, లోకంలో ఏ బొమ్మా తనకి అక్కర్లేదన్నట్టు కూర్చున్నాడు.

"నిన్న ఎవరైనా సంచి తీసుకోకుండా పోయారా?" అడిగాడు డిటెక్టివ్.

"ఒకటుంది. పోలీసాయన చూసి, ఉంచమన్నాడు." గార్డు ఒక బూడిదరంగు సంచి బల్లమీద పెట్టాడు. నర్సు దాన్ని చూడగానే గభాలున చెయ్యి వేసింది, మళ్ళీ తనే తీసేసుకుంది.

డిటెక్టివ్ సంచి విప్పాడు. ఒక స్టీలు స్కేలు, అట్టలు కోసే కట్టరు, జిగురు సీసా, సగం తిన్న బిస్కెట్ల పాకెట్టు. అడుగున చున్నీలో జాగ్రత్తగా చుట్టి, అట్టతో చేసిన చిన్న ఇంటి నమూనా. మెట్లకి కమ్మీలు కూడా పుల్లలు చీల్చి అతికించింది.

"ఇది ఎప్పటికి?"

"ఇవాళ్టికే. కాలేజీలో చూపించాలి. పది రోజులు నిద్రపోలేదు సార్ దీనికోసం. రాత్రి లేచి చూస్తే జిగురు ఆరిందా అని ఊదుతూ కూర్చునేది."

"ఏ కుర్రాడైనా ఉన్నాడా అమ్మా? ఉంటే తప్పేం లేదు, చెప్పు."

"ఉన్నాడు. దీని క్లాసే. రాత్రంతా నా బదులు ఆస్పత్రులన్నీ తనే తిరిగాడు."

డిటెక్టివ్ నమూనాని మళ్ళీ చున్నీలో చుట్టాడు. పది రోజులు కూర్చుని పుల్లలు చీల్చిన మనిషి, చూపించాల్సిన రోజున దాన్ని కౌంటర్లో వదిలేసి బస్సెక్కదు. ఈ మాట చెప్పడానికి డిటెక్టివే కానక్కర్లేదు, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చాలు.

"పారిపోయేవాళ్ళు సామాను సర్దుకుని పారిపోరు బావా" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఇన్‌స్పెక్టరు. అతను డిటెక్టివ్‌కి స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. ఆదివారం ఒకే బల్ల దగ్గర కూర్చుని గిన్నెలు అందించుకునే ఈ ఇద్దరూ, సోమవారం ఏ కేసు దగ్గర ఎదురుపడినా పళ్ళు నూరుకుంటారు. స్టేషన్లో బావకి 'నత్త' అని పేరు పెట్టింది ఈ బావమరిదే. ఆ సంగతి బావకి తెలుసు, అక్కకి మాత్రం తెలియదు. తెలిస్తే ఇన్‌స్పెక్టరుకి ఆ ఇంట్లో భోజనం పుట్టదు.

"ఇన్‌స్పెక్టరు గారు వేంచేశారు" అన్నాడు డిటెక్టివ్. "కేసు మూసేశావని విన్నాను?"

"మూసెయ్యడానికే వచ్చాను. గుమ్మం కెమెరాలో పిల్ల లోపలికి రావడం ఉంది, వెళ్ళడం లేదు. సామాను దించే వెనక తలుపు దగ్గర కెమెరా పనిచెయ్యదు. అటునుంచి జారుకుంది. ఫోను బస్సులో దొరికింది. ఇంకేం కావాలి నీకు?"

"ఫోను బస్సెక్కిందని తెలుస్తోంది. పిల్ల ఎక్కిందని ఎవరు చెప్పారు?"

"నువ్వు ఇలా మాటలతో కాలక్షేపం చేస్తే కుదురుతుంది బావా, నీకు రోజుకింతని ముడుతుంది. నా బల్ల మీద ఇలాంటివి ఇంకో పదకొండున్నాయి." అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. "రాత్రి నేనే స్వయంగా వచ్చి హాళ్ళన్నీ చూశాను. ఎందుకైనా మంచిదని వెనక తలుపు దగ్గరా, ముందు గేటు దగ్గరా కానిస్టేబుళ్ళని కూడా పెట్టాను. తెల్లారేదాకా పురుగు కూడా లోపలికి పోలేదు, బయటికి రాలేదు."

డిటెక్టివ్‌కి కోపం రావాలి, రాలేదు. వీడూ నిద్రపోలేదన్నమాట, అనుకున్నాడు. అలిసిపోయిన మనిషి చేతికి మొదట దొరికిన జవాబు పట్టుకుని వదలడు. తనూ అలాంటి పనులు చేసినవాడే.

రెండో హాల్లో ఆ పాత బొమ్మ ఒక్కటే ఒక గోడ నిండా ఉంది. దీపం పట్టుకుని వంగిన పిల్ల బొమ్మ. గ్యాలరీకి అదే పెద్ద ఆస్తి అని కింద బోర్డే చెబుతోంది. డిటెక్టివ్ తాడు దాటి ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్ళాడు. సన్నగా, నిజమే, నూనెరంగు వాసన. మొన్న మొన్న వేసిన ఇంటి తలుపు దగ్గర వచ్చే వాసన.

"సార్, తాడు! తాడు దాటకూడదు!" అంటూ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, రెండు చేతులూ నలుపుకుంటూ ఉండే మనిషి. "ఛైర్మన్ గారు సాయంత్రం వస్తున్నారు. పత్రికలవాళ్ళు వస్తున్నారు. పోలీసులు కనిపిస్తే ఏమనుకుంటారు? మీరు రేపు రాకూడదా? ఇవాళ ఎలాగూ త్వరగా మూసేస్తున్నాం."

"ఎందుకు త్వరగా?"

"మూడో హాల్లో మిషను సరిచెయ్యాలన్నారు. జనం లేకుండా, తనొక్కడే ఉంటే గానీ కుదరదన్నారు."

"ఎవరన్నారు?"

"ఆర్టిస్టు గారు."

"ఈ బొమ్మకి ఈ మధ్య రంగేమైనా వేయించారా?"

మేనేజరు మొహం చూస్తే, మీ అమ్మగారికి ఈ మధ్య రంగేమైనా వేయించారా అని అడిగినట్టుంది. "దీనికా? దీన్ని ముట్టుకోవడానికే ముగ్గురి సంతకాలు కావాలి!" అన్నాడు. చేతులు ఇంకా నలుపుకుంటూనే ఉన్నాడు. ఇతను భయపడుతున్నాడు, కానీ ఛైర్మన్‌కి భయపడుతున్నాడా, ఇంకోదానికా, డిటెక్టివ్‌కి అంతు చిక్కలేదు.

మూడో హాలు పొడుగ్గా, ఖాళీగా ఉంది. మధ్యలో ఒక బెంచీ, ఎదురుగా ఒక తెల్లగోడ, అంతే. గోడ పక్కన చిన్న అట్టమీద "లోపలివాళ్ళు. చెక్క, రంగు, చప్పుడు" అని రాసుంది. ఆ గోడలోంచి చప్పుళ్ళు వస్తున్నాయి. లోపలెవరో తలుపు తట్టినట్టు, టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ టక్, టక్, టక్. వాటి మధ్యలో, లెక్కాపత్రం లేకుండా, ధబ్ మని ఇంకో మొద్దు చప్పుడు.

బెంచీ మీద ఒక ముసలి జంట కళ్ళు మూసుకుని వింటున్నారు. గోడ దగ్గర ఒక గడ్డపాయన, నల్లటి బట్టల్లో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనే ఆర్టిస్టు. ఈ గోడ ఆయన కళాఖండం.

"ఎంత వేదన ఉందండీ ఇందులో" అంది ముసలావిడ వెళ్తూ వెళ్తూ.

"ధన్యవాదాలు" అన్నాడు ఆర్టిస్టు, తల కొంచెం వంచి.

నర్సు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "సార్, ఆయన్ని అడగండి, మా చెల్లిని చూశారేమో" అంది.

అంతే, గోడ రెచ్చిపోయింది. ధబ్, ధబ్, ధబ్, ధబ్. చెక్క అదిరింది. నర్సు ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"భయపడకండి" అన్నాడు ఆర్టిస్టు నవ్వి. "మనిషి గొంతుకి పలికేలా సెన్సారు పెట్టాను. ఇదివరకు మరీ గడియారం కొట్టినట్టుండేది. ఇవాళ పొద్దున కూర్చుని మార్చాను. ఇప్పుడే దానికి ప్రాణం వచ్చింది."

"నిన్న సాయంత్రం మీరిక్కడే ఉన్నారా?" అడిగాడు డిటెక్టివ్.

"మూసేదాకా ఉన్నాను. మేనేజరు గారు, నేను కలిసే బయటికి వెళ్ళాం. కెమెరాలో ఉంటుంది, చూసుకోండి."

"అంతకు ముందు ఒక అమ్మాయి మిమ్మల్నేమైనా అడిగిందా? పక్కహాల్లో బొమ్మ గురించి?"

"రోజూ ఎందరో విద్యార్థులు ఏవేవో అడుగుతారు. అందరి మొహాలూ గుర్తుండవు." చెప్పేటప్పుడు అతని కళ్ళు డిటెక్టివ్ మీద లేవు, నర్సు నోటి మీద ఉన్నాయి. ఆమె మళ్ళీ ఎక్కడ మాట్లాడుతుందో అన్నట్టు చూస్తున్నాడు.

నర్సు తట్టుకోలేక మంచినీళ్ళ కోసం కౌంటరు వైపు వెళ్ళింది. డిటెక్టివ్ గోడకి భుజం ఆనించి కాసేపు నిలబడ్డాడు. మోకాలు లాగేస్తోంది. ఇంటికెళ్ళి వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకోవాలని ఉంది. ఈ పిల్ల దొరకదేమో, ఆ అక్కకి ఇంకో నాలుగు రోజులు అబద్ధాలు చెప్పాల్సి వస్తుందేమో అని మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

భుజం తీసేసరికి కోటుకి తెల్లగా అంటింది.

"ఈ గోడ ఎప్పటిది మేనేజరు గారూ?"

"గోడ కాదండీ, ప్లైవుడ్డు. ప్రతి ప్రదర్శనకీ కొత్తగా కడతాం, అయ్యాక పీకి లారీకెత్తుతాం. అసలు గోడ దీని వెనక ఇంకో రెండు మూరల దూరంలో ఉంటుంది. మధ్యలో స్పీకర్లున్నాయి. ఈసారి గోడ కట్టిందీ, పీకి తీసుకుపోయేదీ ఆర్టిస్టు గారి మనుషులే. వారం కిందటే రంగు కూడా వేసేశారు."

"వారం కిందటి రంగు ఇంకా అంటుతోందా?"

"మార్పులు చేసినప్పుడు మరకలు పడ్డాయి. మళ్ళీ వేశాను" అన్నాడు ఆర్టిస్టు వెంటనే.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా బావ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "రంగుల గురించి నీకెందుకు బావా? పద. ఈ టకటకకి నా బుర్ర పగిలిపోతోంది. రాత్రి కూడా ఇదే గోల."

"రాత్రా?"

"మరి? మేనేజరు బయట ఛైర్మన్‌తో ఫోన్లో ఉన్నాడు. నేనొక్కణ్ణే టార్చి వేసుకుని ఈ హాల్లోకి వచ్చాను. గోడ ధబధబా కొట్టుకుంటోంది. హడలిపోయాను. తర్వాత ఆ అట్ట చదివి, ఓహో ఆర్టు కాబోలనుకున్నాను. ఎవరైనా వింటున్నారేమోనని, బాగుందయ్యా బాగుంది అని కూడా అన్నాను. నవ్వకు."

డిటెక్టివ్ నవ్వలేదు. చాలా రోజుల తర్వాత మోకాలి నొప్పి మర్చిపోయాడు.

"టార్చి ఎందుకు?" అన్నాడు నెమ్మదిగా.

"లైట్లు లేవుగా."

"మేనేజరు గారూ, రాత్రి మూసేటప్పుడు ఏమేం ఆపుతారు?"

"మెయినే దించేస్తామండీ. పాత బిల్డింగు, వైర్లు నమ్మలేం. దొంగల అలారం ఒక్కటీ వేరే బ్యాటరీ మీద నడుస్తుంది."

"ఈ గోడలో మిషను?"

"అదీ ఆగిపోతుంది. పొద్దున మళ్ళీ నేనే వేస్తాను."

"దానికి సెన్సారుందా?"

"సెన్సారా?" మేనేజరు తెల్లబోయి ఆర్టిస్టు వంక చూశాడు. "ఒక రికార్డింగు అలా తిరుగుతుంటుంది, అంతే అన్నారు కదండీ మీరు?"

ఆర్టిస్టు చూపు గుమ్మం మీదికి పోయింది. గోడ మాత్రం టక్, టక్, టక్ అంటూనే ఉంది.

డిటెక్టివ్ కుంటుకుంటూ వెళ్ళి, గుమ్మం దగ్గరున్న గార్డు స్టూలు లాక్కుని, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. కుడికాలు బార్లా చాపాడు. "నిలబడలేను, ఏమనుకోకండి" అన్నాడు. "మేనేజరు గారూ, ఒక్కసారి మెయిన్ దించమనండి."

"అమ్మో! ఛైర్మన్ గారు..."

"పిచ్చా బావా నీకు?" ఇన్‌స్పెక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "జనం ముందు నా పరువు తీస్తావా? రేపు పత్రికలో, పిల్లని వెతకలేక కరెంటు తీశారని రాస్తారు!"

"రాయనీ. నా పేరు పెట్టమను, నత్త అని." అతని గొంతు పెరగలేదు. "ఒరేయ్, రాత్రి నువ్వొచ్చినప్పుడు కరెంటు లేదు. మిషను ఆగిపోయి ఉంది. ఈయనేమో ఇవాళ పొద్దున మార్చానంటున్నాడు. మరి రాత్రి నువ్వు విన్నదేమిటి?"

ఇన్‌స్పెక్టరు గిరుక్కున కౌంటరు వైపు తిరిగి, గార్డు చెవులు చిల్లులు పడేలా అరిచాడు. "మెయిన్ దించవయ్యా!"

హాలు చీకటైపోయింది. కిటికీ ఒక్కటి కూడా లేని గది అది. స్పీకర్లలోంచి వచ్చే సన్నటి రొద కూడా ఆగిపోయింది.

గోడ పలకలేదు.

ఎంతసేపైనా పలకలేదు. చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. "చూశారా?" అంది ఆర్టిస్టు గొంతు. "ఇక లైట్లు వెయ్యండి. రేపు లాయరుతో మాట్లాడతాను."

డిటెక్టివ్ స్టూలు అంచు పట్టుకున్నాడు. తప్పయినా పరవాలేదు. ఒప్పయి, ఆలస్యమైందేమో. పొద్దుట్నుంచీ కొట్టి కొట్టి, ఇంక ఎవరూ రారని ఆగిపోయిందేమో. ఈ గోడ ముందు తాను రంగుల గురించి వాదిస్తూ నిలబడ్డ ప్రతి నిమిషమూ అతనికి గుర్తొచ్చింది.

అతని చాపిన కాలి మీదుగా తెల్లటి యూనిఫాం ఒకటి దాటుకుంటూ లోపలికి పోయింది. నర్సు చీకట్లో చేతులు చాపుకుంటూ వెళ్ళి గోడ అందుకుంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు, కరెంటు పోయాక ఆ నిశ్శబ్దంలో తనకే అర్థమైంది. వేళ్ళు మడిచి గోడ మీద కొట్టింది. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

నిశ్శబ్దం.

"గువ్వా" అంది నర్సు. "నేనే."

గోడ అడుగు నుంచి, నేలకి దగ్గరగా, బలహీనంగా వచ్చింది. ధబ్ ధబ్. కాస్త ఆగి, ధబ్.

ఆ తర్వాత ఏది ముందు జరిగిందో చెప్పడం కష్టం. నర్సు పెట్టిన కేక మెట్ల కిందిదాకా వినిపించింది. ఇన్‌స్పెక్టరు టార్చి కోసం జేబులు వెతుక్కున్నాడు. అదే సమయంలో ఎవరో చీకట్లో గుమ్మం వైపు గబగబా వచ్చి, డిటెక్టివ్ కాలికి తట్టుకుని, బరువుగా అతని మీదే పడ్డారు. మోకాలి మీద పడ్డారు. డిటెక్టివ్‌కి పట్టపగలే చుక్కలు కనిపించాయి. అయినా చేతికి దొరికిన కాలరు వదల్లేదు.

టార్చి వెలిగింది. అందరూ మేనేజరు అనుకున్నారు. మేనేజరు బెంచీ పక్కన, కదిలితే ఎవరేమంటారో అన్నట్టు చేతులు నలుపుకుంటూ నిలబడే ఉన్నాడు. డిటెక్టివ్ చేతిలో ఉన్నది నల్లచొక్కా కాలరు. దాని పైన గడ్డం.

"తెలిసినవాళ్ళని అడుగుతానంది పిల్ల" అన్నాడు డిటెక్టివ్ పళ్ళ బిగువున. "ఆ హాల్లో రంగుల సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. నిన్నే అడిగింది కదా?"

వాడు కాలరు విడిపించుకోవాలని గింజుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు స్క్రూలు వెతికేదాకా ఆగలేదు. గార్డు తెచ్చిన ఇనపకడ్డీ పలకల సందున దోపి, భుజమంతా పెట్టి లాగాడు. ప్లైవుడ్డు పెద్ద చప్పుడుతో ఊడింది. చెక్కపేళ్ళు అరచేతిలో దిగినా అతను చూసుకోలేదు. మళ్ళీ మెయిన్ వేశారు. రికార్డింగు టక్, టక్, టక్ అని మొదలైంది. "ఆపండి దాన్ని!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. ఎవరో తీగ లాగేశారు.

రెండు గోడల నడుమ, స్పీకర్ల పక్కన ఆ పిల్ల ముడుచుకుని పడుంది. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. నోటికి టేపు. జుట్టులో ఎండిన రక్తం. కుడికాలి చెప్పు ఎప్పుడో ఊడిపోయింది, మడమ కందిపోయి పగిలింది. పక్కనే గోడకి ఆనించి పొడుగాటి అట్టగొట్టం, దాని మూతలోంచి పాత కాన్వాసు అంచు కనిపిస్తోంది. అసలు బొమ్మ. రెండో హాల్లో వేలాడుతున్నది ఆర్టిస్టు గీసిన నకలు. ప్రదర్శన అయ్యాక పీకేసిన చెక్కతోపాటు లారీ ఎక్కాల్సిన బొమ్మ. దానితోపాటు ఈ పిల్లకి కూడా ఆ లారీయే గతి అయ్యేది. రాత్రి తలుపుల దగ్గర కానిస్టేబుళ్ళు, పగలు జనం. అందుకే వాడు ఇవాళ త్వరగా మూయించాలని చూశాడు. బస్సులో ఫోను పడేసిందీ వాడే.

నర్సు ఏడవలేదు. ముందు చెల్లెలి మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తర్వాత నోటి టేపు మెల్లగా ఊడదీసి, కనురెప్ప ఎత్తి చూసింది. అంబులెన్సుకి చెప్పండి, కదపకండి, గుక్కెడు నీళ్ళే, ఎక్కువ పట్టకండి, అంది. ఆ పనులన్నీ అయ్యాకే చెల్లెలి చెంప మీద చెయ్యి వేసింది.

"అక్కా" అంది పిల్ల. పెదాలు చిట్లిపోయాయి, మాట గాలిలా వస్తోంది. "నువ్వొచ్చి మాట్లాడావు చూడు, అప్పుడు ఓపికున్నంతసేపు కొట్టాను."

"నాకు తెలియలేదే."

"ఎవరికీ తెలియలేదు. పొద్దుట్నుంచీ ఎంతమంది వచ్చారో. ఎంత వేదన ఉందో అందొకావిడ. ఇంకొకాయన, ఇది మన సమాజం అని ఎవరికో చెప్పాడు." నవ్వబోతే దగ్గొచ్చింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "నిన్న రాత్రి ఒకాయన వచ్చాడు, ఒక్కడే. పలకల సందులోంచి టార్చి వెలుగు కనిపించింది. ఇంక బతికాననుకుని ఉన్న శక్తంతా పెట్టి కొట్టాను. ఆయన విన్నాడక్కా. దగ్గరికొచ్చి మరీ విన్నాడు. బాగుందయ్యా బాగుంది, అని వెళ్ళిపోయాడు." ఆమె కళ్ళు అక్కనీ, మేనేజరునీ, కుంటుతూ వచ్చిన డిటెక్టివ్‌నీ దాటుకుంటూ పోయాయి. "ఎవరాయన?"

డిటెక్టివ్ తన మోకాలి వంక చూసుకున్నాడు. ఆ సంగతి ఇక్కడ తెలిసింది ఇద్దరికే. తన నోట అది రాదు. ఆదివారం భోజనం దగ్గర కూడా రాదు. నువ్వు పెట్టిన కాపలా వల్లే ఈ పిల్ల తెల్లారేదాకా బతికిందిరా అని చెబుదామనుకున్నాడు, కానీ అది ఇప్పుడు చెప్పే మాట కాదు.

ఇన్‌స్పెక్టరు అరచేతిలోంచి రక్తం కారి బూటు మీద పడుతోంది. అతను టోపీ తీసి బెంచీ మీద పెట్టి, ఊడిన చెక్కపేళ్ళ మధ్య, ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేనేనమ్మా" అన్నాడు.